చదివింపుల పద్దుకి తాళం

మీ ఇంట్లోనూ ఉంటుంది లెండి ఆ పుస్తకం. బీరువాలో పట్టుచీరల అడుగున, పాత రేషన్ కార్డు పక్కన. అట్టకి నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీ పైన 'శ్రీరామ', కింద వరసగా పేర్లు, ఊర్లు, నూట పదహార్లు. పెళ్ళికొకటి, గృహప్రవేశానికొకటి, పిల్ల ఓణీల ఫంక్షన్‌కొకటి. ఎవరింటి నుంచి శుభలేఖ వచ్చినా ముందు ఆ పుస్తకం తీయడం, వాళ్ళు మనకేం చదివించారో చూడడం, దాని మీద ఇంకాస్త వేసి కవర్లో పెట్టడం. ఇది ఏ బళ్ళోనూ చెప్పరు. అయినా తప్పిన కొంప లేదు.

పద్దు రాసే పెద్దమనిషి కూడా మీకు తెలిసినవాడే. మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో జిప్పు సంచి, చేతిలో పెన్ను. ఆయన పక్కన మైకు పట్టుకున్న కుర్రాడు. "గండిపాలెం వాస్తవ్యులు ఫలానా వారు, అయిదు వందల పదహార్లూ..." అని వాడు సాగదీస్తే ఉదయగిరి కొండ మీది కోతులక్కూడా లెక్క తెలిసిపోతుంది.

అట్లా ఊరంతా మైకులో విన్న లెక్కకి, ఎవరికీ తెలియకూడదని 128 బిట్ల తాళం వేసిన మహానుభావుణ్ణి నేను. నవ్వుకోండి, ఏం పర్లేదు. మా ఇంట్లో ఎప్పుడో నవ్వేశారు.

నేను పుట్టింది ఉదయగిరి. ఉద్యోగమని వచ్చి స్థిరపడింది ఆత్మకూరు. ఆఫీసులో కంప్యూటర్లు దించిన కొత్తల్లో నన్నొకణ్ణి ట్రైనింగ్‌కి పంపారు. నా తెలివి చూసే పంపారని చాలాకాలం నమ్మాను. ఆ వారం మిగతావాళ్ళంతా పెళ్ళిళ్ళకని లీవు పెట్టారని తర్వాత తెలిసింది. ఏమైతేనేం, అప్పటి నుంచి ఆఫీసులో నేను 'కంప్యూటర్ తెలిసిన సారు'ని. ఇంట్లో మాత్రం ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే పిలిచే మనిషిని.

ఆ ట్రైనింగ్‌లో చెప్పినవాటిల్లో నాకు పట్టుబడింది యాక్సెస్ ఒక్కటే. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1992లో వదిలిన డేటాబేస్ అది. సర్వర్లూ గిర్వర్లూ అక్కర్లేదు. పట్టికలు, ఫారాలు, రిపోర్టులు అన్నీ కలిపి ఒకే ఒక్క ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని జేబులో పెట్టుకుపోవచ్చు. దాన్ని చూడగానే నాకు మా చదివింపుల పుస్తకాలు మెదిలాయి. ఒక ఆదివారం వాటన్నిట్నీ టేబుల్ మీద పేర్చుకొని కూర్చున్నాను.

"ఏంది మొదలుపెట్టినారు?" అనింది మా ఆవిడ.

"కంప్యూటరీకరణ."

"పుస్తకం ఉంది గదా."

"పుస్తకంలో వెతకాలంటే పూట పడుతుంది. ఇందులో పేరు కొడితే చాలు."

"ఎవరిది కావాలో నన్నడగండి. పేరు కూడా కొట్టే పన్లేదు," అనేసి లోపలికి పోయింది. ఆ మాట అప్పుడే చెవిన పెట్టుంటే మీకు ఇదంతా చదివే శ్రమ తప్పేది.

మొదట పేర్లన్నీ అను ఫాంట్లో కొట్టాను. అప్పట్లో డీటీపీ షాపులు నడిచింది దాని మీదే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో మా మేనమామ పేరు మేనమామ పేరుగానే కనపడేది. లేనిచోట తెరిస్తే ఆయన స్థానంలో డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆ రోజుల్లో తెలుగువాడికి ఎన్‌క్రిప్షన్ ఉచితంగా వచ్చేది, డీక్రిప్షనే దొరికేది కాదు. విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ తెలుగూ, గౌతమి ఫాంటూ వచ్చాక మొత్తం మళ్ళీ మొదటి నుంచి కొట్టాను. బంధువర్గం ఇంత పెద్దదని వేళ్ళు నొప్పి పుట్టినప్పుడు గానీ తెలియలేదు.

పేరు, ఊరు, శుభకార్యం, తేదీ, చదివింపు, మనం తిరిగి పెట్టింది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. అక్కడితో ఆగుంటే నేను మంచివాణ్ణే. కుడిపక్కన ఇంకా జాగా కనిపించింది. 'రిమార్కులు' అని ఒక కాలమ్ పెట్టాను. ఉద్యోగమంతా పైవాళ్ళు నా ఫైళ్ళ మీద రాసిన రిమార్కులు చదవడమే గానీ, నేను ఇంకొకరి మీద రాసే యోగం పట్టలేదు. ఆ కరువంతా ఇక్కడ తీర్చుకున్నాను.

'కుటుంబ సమేతంగా వచ్చారు. నూట పదహార్లు. గారెలు రెండోసారి అడిగించుకున్నారు.' 'కవరు మీద పేరు లేదు. లోపల నోటూ లేదు.' 'గోడ గడియారం, రాధాకృష్ణులది. మళ్ళీ.' మా ఉదయగిరి వాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం కలం మెత్తబడేది. 'చెక్క గరిటెల సెట్టు. ఎంత నునుపో!' అని రాసుకున్నాను. అది అబద్ధం కాదు. మా దిలావర్ భాయ్ వీధిలో నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కతో చేసే ఆ గరిటెలకీ ఫోర్కులకీ జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా ఆవిడ పులుసు తిప్పేది ఇప్పటికీ దాంతోనే.

ఇంక మా బావమరిది పేరుకెదురుగా ఏముందంటే: 'గృహప్రవేశానికి స్టీలు బిందె. మెడ దగ్గర చెక్కించిన పేర్లు అరగదీసి ఉన్నాయి. దంపతులకు అన్న ముక్క ఇంకా కనపడతా ఉంది.'

రాసినప్పుడు నాకు నేనే భలే రాశానని నవ్వుకున్నాను. ఆ ఫైలు తెరిచి పెట్టి స్నానానికి పోవడం, సరిగ్గా అప్పుడే బావమరిది బస్సు టికెట్ చూసుకోవాలని కంప్యూటర్ ముందు కూర్చోవడం జరిగాయి. తలకి నూనె రుద్దుకుంటుంటే బయట అతని గొంతు వినపడింది. చదువుతున్నాడు. చదివింపుల మైకు కుర్రాడికంటే గట్టిగా, స్పష్టంగా, కామాలతో సహా.

నేను తువ్వాలు చుట్టుకొని వచ్చేసరికి కాఫీ గ్లాసు టేబుల్ మీద ఉంది, మనిషి చెప్పుల దగ్గర ఉన్నాడు. "బావ చేతి రాత బాగుంటుందని తెలుసు గానీ, ఇంత బాగుంటుందనుకోలేదక్కా," అని వాళ్ళక్కతో అన్నాడు. నాతో ఏమీ అనలేదు.

నాకు పడే అక్షింతల కోసం తల వంచుకొని నిలబడ్డాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రాస్తే రాసినారు. తెరిచి పెట్టి పోతారా ఎవరైనా?" అనింది. ఆ మాటలో ఎంత అర్థముందో నాకప్పుడు తట్టలేదు.

తాళం వేయాలని ఆ రోజే తీర్మానించుకున్నాను. అప్పుడు నా దగ్గరున్నది పాత యాక్సెస్. మెనూలో సెక్యూరిటీ అన్నచోట 'ఎన్‌కోడ్ డేటాబేస్' అని కనపడింది. నొక్కాను. ఏ పేరుతో దాచమంటావంది. కొత్త పేరిచ్చాను. గిర్రున తిరిగి అయిపోయిందంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మాయికి ఆ సంగతి గొప్పగా చెప్పాను. అది సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది కాబట్టి తండ్రి గొప్ప దానికైనా అర్థమవుద్దని నా ఆశ. వచ్చి చూసింది. తాళం వేసిన ఫైలు పక్కనే, తాళం వేయని అసలు ఫైలు అదే ఫోల్డర్లో నిక్షేపంలా కూర్చుని ఉంది. ఆ ఎన్‌కోడ్ అనేది ఇంకో పేరిస్తే కాపీ చేసి కాపీకి వేస్తుందట, అసలుదాన్ని తాకదట.

"సరే, అసలుది తీసేస్తా," అన్నాను.

"తీసేసినా ఒకటే నాన్నా," అని తాళం వేసిన దాని మీద డబుల్ క్లిక్ చేసింది. బావమరిది బిందె బయటపడింది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ పాత ఎన్‌కోడ్ ఫైలుని నోట్‌ప్యాడ్ లాంటి వాటితో తెరిచి చదవాలనుకునేవాణ్ణి అడ్డుకోవడానికి మాత్రమేనట. యాక్సెస్ ఉన్న ప్రతివాడికీ అది తెరుచుకుంటుంది, ఎవర్నీ ఏమీ అడగదు. అడగాలంటే విడిగా డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అక్కడికక్కడే పెట్టాను, దాన్ని వెనక్కి తిరగమని చెప్పి మరీ. అది తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది, ఏదో చిన్న ప్రోగ్రామ్‌లోకి ఫైలుని లాగింది. నేను పెట్టిన పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా తెర మీద కనపడింది. ఆ పాత ఎండీబీ ఫైళ్ళలో పాస్‌వర్డ్‌ని ఆ ఫైలు మొదట్లోనే, అందరికీ తెలిసిపోయిన ఒక ముసుగు కప్పి రాసి పెట్టేవాళ్ళట. మేం ఊరికి పోయినప్పుడు ఇంటికి తాళం వేసి, చెవిని తులసికోట కింద పెడతాం. వీధి వీధంతా ఆ సంగతి తెలుసు. పాలవాడు మా కోసం ఫ్రిజ్‌లో పాలు కూడా పెట్టిపోతాడు. సరిగ్గా అదే.

"2007లో కొత్త రకం ఫైలు వచ్చింది, ఏసీసీడీబీ అని. 2010 నుంచి దానికి ఏఈఎస్ వేస్తున్నారు. అది గట్టిది. పాస్‌వర్డ్ లోపల రాసి పెట్టదు. పాస్‌వర్డ్‌లోంచే తాళంచెవి పుడుతుంది," అనింది.

"మర్చిపోతే?"

"మర్చిపోతే అంతే. వాళ్ళ హెల్ప్‌లోనే రాసుంటుంది, మేమేం చేయలేమని."

మామూలు మనిషైతే అక్కడ ఆగుతాడు. నేను కొత్త వెర్షన్ వేయించుకున్నాను.

ఫైలుని కొత్త రకంలోకి మార్చి, 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' నొక్కితే, డేటాబేస్‌ని ఎక్స్‌క్లూజివ్‌గా తెరిస్తేనే కుదురుతుందని చెప్పింది. అంటే ఆ సమయానికి ఇంకెవరూ అందులో ఉండకూడదు, నా ఒక్కడికే దక్కాలి. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో బాత్‌రూమ్ కూడా నా ఒక్కడికే దక్కిన పొద్దు లేదు. అయినా ఎవరున్నారు ఇందులో అని నాది మూసేసి ఫోల్డర్ చూస్తే, ఎల్ఏసీసీడీబీ అని చిన్న ఫైలొకటి పుట్టుంది. ఎవరో తెరుచుకొని కూర్చున్నారని దానర్థం. పక్క గదిలో అమ్మాయి నవ్వు వినపడింది. ఇంటి వైఫైలో ఫోల్డర్ పంచుకున్న పాపానికి, అది తన ల్యాప్‌టాప్‌లో నా రిమార్కుల కాలమ్ పైనుంచి కింది దాకా చదువుతా ఉంది. బతిమాలి బయటికి పంపాను. ఓపెన్ బటన్ పక్కన బాణం నొక్కి, ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచాను. ఏదో హెచ్చరిక వచ్చింది, ఓకే కొట్టాను. హెచ్చరికలన్నిటికీ చదవకుండా ఓకే కొట్టే అలవాటు నాకు పెళ్ళి నాటి నుంచి ఉంది.

పాస్‌వర్డ్ దగ్గరే నా అసలు పైత్యం బయటపడింది. ఇరవై అక్షరాల దాకా పెట్టుకోవచ్చన్నారు. మా హైస్కూల్లో తెలుగు మేష్టారు కటపయాది లెక్క చెప్పారు. అక్షరాలకి అంకెలు కట్టే మన పాత పద్ధతి. 72 మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండక్షరాలకి అంకెలు వేసి, తిరగేసి చదివితే ఆ రాగం వరస సంఖ్య వస్తుంది. శంకరాభరణానికి ముందు 'ధీర' తగిలించింది అందుకే: ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29. అమెరికావాడి తాళానికి మన చెవి వేయాలని నా ముచ్చట. ఖరహరప్రియ తీసుకున్నాను. ఖ రెండు, ర రెండు, ఎటు తిప్పినా 22. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఖరహరప్రియ22'. మర్చిపోయే ప్రశ్నే లేదు. కొట్టాను, రెండోసారి కొట్టి ఖాయం చేశాను. మూసేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో తిరిగేటప్పుడు నా నడకే మారిందని అమ్మాయి అంటుంది.

వైశాఖంలో ఉదయగిరి నుంచి శుభలేఖ వచ్చింది. మా పెదనాన్న మనవరాలి పెళ్ళి. "మీ వాళ్ళు మనకేం పెట్టారో తీయండి," అనింది మా ఆవిడ. నిజానికి ఆమెకి లెక్క నోటికొచ్చు. ఎవరు ఏ ఏడు ఎంత పెట్టారో, ఏ రంగు చీర కట్టుకొచ్చి పెట్టారో కూడా చెప్తుంది. ఆమెకి కావాల్సింది లెక్క కాదు, కాలమ్. తమ్ముడి దగ్గర విన్నది ఒక్క వరసే గదా, మిగతాది మిగిలిపోయింది.

నేనింకా తేల్చుకోకముందే తనే కంప్యూటర్ ముందు కూర్చుంది. తన పేరు కొట్టింది. కాదంది. అమ్మాయి పేరు కొట్టింది. కాదంది. పెళ్ళిరోజు కొట్టింది. కాదంది. కుర్చీ ఇటు తిప్పి, "నా పేరూ కాదు, పెళ్ళిరోజూ కాదు. ఇంకేముంది మీ జీవితంలో?" అనింది.

మీలో పాస్‌వర్డులు పెట్టుకునేవాళ్ళు ఈ ముక్క రాసిపెట్టుకోండి.

"పాస్‌వర్డ్ భార్యకి కూడా చెప్పకూడదని నిపుణులు చెప్పారు," అన్నాను.

"ఆ నిపుణులకి వంట ఎవరు చేసి పెడతారో కనుక్కున్నారా?"

ఇక్కడ మీకు మా ఊరి కోట సంగతి చెప్పాలి. మా ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైచిలుకు. ప్రతాపరుద్ర గజపతి ఏలుబడిలో ఉన్న ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర దాకా కూర్చుంటే గానీ అది చేతికి రాలేదు. నూనిజ్ అనే పోర్చుగీసాయన ఆ కథంతా రాసిపెట్టాడు. కోటలో పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలే ఉండేవట. అంతకు మించి అక్కర్లేదట, ఎందుకంటే ఆకలితో మాడిస్తే తప్ప ఆ కోట లొంగదు. పెళ్ళైన కొత్తలో మా ఆవిణ్ణి ఊరికి తీసుకుపోయి, కొండ చూపించి, ఇదంతా గొప్పగా వర్ణించి చెప్పింది నేనే. అప్పుడు ఆమె అన్నీ విని, "అయితే ఓడిపోయిన కోట ఇదేనా?" అని ఒక్కటే అడిగింది. గెలిచినాయన కోటలోని బాలకృష్ణుణ్ణి కూడా విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టుకున్నాడని తెలిసి, "దేవుణ్ణి కూడా నిలబెట్టుకోలేకపోయినారు" అని ఇంకొకటి కలిపింది. విన్నవేవీ మర్చిపోయే మనిషి కాదని చెప్పాను గదా.

మర్నాడు పొద్దున కాఫీ రాలేదు. టిఫిన్ వేళకి వంటింట్లో గిన్నె చప్పుడు లేదు. ఆదివారం కాబట్టి ఆఫీసు క్యాంటీన్ కూడా లేదు. పదకొండు గంటలకి చేపల పులుసు వాసన మొదలైంది. మామిడికాయ ముక్కలు పడ్డాయని వాసనలోనే తెలుస్తా ఉంది. ఒంటిగంటకి భోజనాల బల్ల మీద కంచం పెట్టింది. ఒక్కటే కంచం. దాని ముందు తనే కూర్చుంది.

గజపతుల సైన్యం ఏడాదిన్నర నిలిచింది. నేను తల ముక్క కంచంలో పడేదాకా నిలిచాను.

"ఖరహరప్రియ ఇరవై రెండు," అన్నాను.

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఈ ప్రియ ఎవరు?"

"రాగం! మేళకర్త రాగం! కటపయాదిలో..."

"ఇరవై రెండేళ్ళా?"

రాగమని నిరూపించడానికి ఫోన్లో పాట పెట్టి వినిపించాల్సి వచ్చింది. కొంత మెత్తబడింది. నాకూ ఒక కంచం వచ్చింది. కానీ ఇంకా ముద్ద కలపకముందే ఫైలు తెరవమనింది. వెళ్ళి కొట్టాను. పాస్‌వర్డ్ సరైంది కాదంది. మళ్ళీ కొట్టాను. కాదంది. దానికి పెద్దక్షరం, చిన్నక్షరం పట్టింపు ఉంది కాబట్టి అన్ని రకాలూ కొట్టాను. ప్రియని వై పెట్టి, ఐ పెట్టి కొట్టాను. ససేమిరా అంది. వెనక్కి తిరిగి చూస్తే నా కంచం మళ్ళీ లోపలికి పోయింది.

లొంగిపోయిన కోట తలుపు కూడా తెరుచుకోకపోతే ఎట్లుంటుందో గజపతులకి తెలియదు. నాకు తెలుసు.

అమ్మాయికి ఫోన్ చేశాను. "బ్యాకప్ ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "అది తెరువు." దానికీ అదే తాళం అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "నాన్నా, ఏఈఎస్ అనేది అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా పెట్టుకున్నది. ఇద్దరు బెల్జియం వాళ్ళ బుర్ర అది. 128 బిట్లంటే ఉండగలిగే తాళంచెవుల లెక్క 39 అంకెల సంఖ్య. ఒక్కోటీ పెట్టి చూద్దామంటే ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ నీకిచ్చినా నీ సర్వీసు చాలదు. నువ్వేం కొట్టావో నువ్వు గుర్తు తెచ్చుకోవడమే," అనింది.

"కొట్టింది గుర్తుంది. తెరుచుకోవట్లేదు."

"అట్లా కుదరదు నాన్నా. గుర్తుంటే తెరుచుకుంటుంది."

పులుసు చల్లారిపోతా ఉంది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటా వచ్చి వెనకాల నిలబడింది. ఈమెకి కంప్యూటర్ రాదని నేను ఊరంతా చెప్పుకున్నాను. తెర కింద మూలకి వేలు పెట్టి చూపించింది. "మీరు ఆ పొద్దు కొట్టేటప్పుడు ఇక్కడ తెలుగు అని ఉండింది. ఇప్పుడు ఇంగ్లీష్ అని ఉండాది. నాకేం తెలుసు, కనపడింది చెప్తుండా."

అప్పుడు వెలిగింది. ఆ రోజు రిమార్కులేవో తెలుగులో కలిపి, కీబోర్డు మార్చకుండానే నేరుగా పాస్‌వర్డ్ పెట్టాను. నేను నొక్కింది ఇంగ్లీషు మీటలే, లోపలికి పోయింది తెలుగు అక్షరాలు. పాస్‌వర్డ్ గళ్ళో కనపడేది చుక్కలే కాబట్టి ఏ భాష చుక్కలో ఎవరికి తెలుసు? రెండోసారి కూడా అదే కీబోర్డుతో కొట్టాను గనక రెండూ సరిపోయి, మంచిది అంది. తెలుగుకి మార్చి అవే మీటలు నొక్కాను. తెరుచుకుంది. మా మేష్టారు చెప్పిన కటపయాది కాదు, ప్రపంచంలో ఏ నిఘంటువులోనూ దొరకని కీచు మాటేదో నా పాస్‌వర్డ్ అయి కూర్చుంది. అంత బలమైన పాస్‌వర్డ్ నా జన్మలో మళ్ళీ పెట్టలేను.

"ముందు ఆ తాళం తీసేయండి," అనింది. డీక్రిప్ట్ డేటాబేస్ అనే మీట ఉంటుంది. తీసేటప్పుడు కూడా ఎక్స్‌క్లూజివ్‌గా తెరవమంటుంది, పాస్‌వర్డ్ ఇంకోసారి అడుగుతుంది. ఇచ్చాను. తీసేశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని నా కుర్చీలో కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి చల్లటి పులుసు నిలబడి తిన్నాను.

లోపల్నుంచి మధ్యమధ్య నవ్వు వినపడతా ఉంది. గారెల వరస దగ్గర బాగా నవ్వింది. రచయితకి అంతకంటే ఏం కావాలి అనుకుంటుండగా, పిలుపు వచ్చింది.

"మా తమ్ముడి బిందె మీద దంపతులకు అని ఉండింది గదా. ఏ దంపతులో చూడలేదా?"

"అరగదీశాడు గదా."

"అరగదీసింది వాడు కాదు, నేను. మన పెళ్ళికి మీ చెల్లెలు పెట్టిన బిందె అది. మీ పేరూ నా పేరూ చెక్కించి పెట్టింది. ఎత్తు తక్కువ, పంపు కింద నిలవదు. గరుకు కాగితం పెట్టి రుద్ది వాడి గృహప్రవేశానికి నేనే ఇచ్చినాను. వాడు చూసుకోకుండా మనకే తిరిగి పెట్టినాడు, పిచ్చి నాయన."

నమ్మలేనట్టు చూశానేమో, పప్పు డబ్బాల వెనక నుంచి ఒక పాత డైరీ తీసుకొచ్చింది. ఆ డైరీ నాకు తెలుసు. చాకలి పద్దు అనుకునేవాణ్ణి. అందులో మా ఇంటికొచ్చిన ప్రతి వస్తువూ ఉంది. ఎవరు పెట్టారు, ఎప్పుడు, తర్వాత ఎవరికి పోయింది. బిందె రాకపోకలు రెండూ ఉన్నాయి. ప్రతి వరసకీ చివర్న రెండో మూడో అక్షరాలు. అర్థం పర్థం లేని అక్షరాలు.

"ఇవేంది?"

"నా రిమార్కులు," అనింది.

మా మామగారిది ఆత్మకూరులో బట్టల కొట్టు. పాత బట్టల కొట్లలో చీరకి కట్టిన చీటీ మీద కొన్న ధర అంకెల్లో రాసేవాళ్ళు కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. ఏ అక్షరమూ మళ్ళీ రాని పదక్షరాల మాట ఒకటి ఇంటివాళ్ళు ఎంచుకుంటారు. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. చీటీ చూస్తే గుమాస్తాకి ఎంత దాకా తగ్గొచ్చో తెలుస్తుంది, ఎదురుగా కూర్చుని బేరమాడే మనకి తెలియదు. మా ఆవిడ చిన్నప్పుడు సాయంత్రాలు ఆ చీటీలు రాసిన మనిషి. మనవాళ్ళు పెట్టిన ప్రతి చీరకీ, ప్రతి గిన్నెకీ అసలు ఖరీదెంతో కట్టి, పుట్టింటి అక్షరాల్లో ముప్ఫై ఏళ్ళుగా రాసిపెట్టుకుంది. వంటింటి గూట్లో, అందరి కళ్ళ ముందు, తాళం లేకుండా.

ఆ పదక్షరాల మాటేందో చెప్పమన్నాను. "పాస్‌వర్డ్ మొగుడికి కూడా చెప్పకూడదంట," అనింది.

రహస్యంగా ఫోటో తీసి అమ్మాయికి పంపాను. అది చాలా తేలికైన తాళమనీ, పది అక్షరాలకి పది అంకెలే కాబట్టి నాలుగైదు చీరల అసలు ధర తెలిస్తే మిగతాదంతా దానంతటదే విడిపోతుందనీ రాసింది. సంబరంగా కాగితం తీసుకొని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లోకి వచ్చిన ప్రతి చీరకీ నాకు చెప్పిన ధర ఒకటుంది. అది అసలు ధర కాదని నాకు తెలుసు. అసలు ధర ఒక్కదానిది కూడా తెలియదు.

తెలిసిన మనిషి ఇంకొకడున్నాడు, బావమరిది. ఫోన్ చేసి, బిందె రిమార్కు కొట్టేశానని చెప్పి, మెల్లగా అడిగాను. "దాన్ని కూడా కాలమ్‌లో రాసుకో బావా, బావమరిది చెప్పలేదు అని," అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం నా అంతట నేనే కనిపెట్టాను. మా అత్తవారి వైపు వాళ్ళు పెట్టిన చీరలన్నిటికీ ఎదురుగా మూడేసి అక్షరాలున్నాయి. మా చెల్లెలు పెట్టిన చీరకి రెండే ఉన్నాయి.

కాబట్టి నా మనవి. ఆత్మకూరు బట్టల కొట్లలో ఒకప్పుడు చీటీలు రాసిన గుమాస్తాలెవరైనా ఇది చదివితే, మీ కొట్టు మాటేందో దయచేసి నాకు చెప్పండి, ఒక్కోటీ వేసి చూసుకుంటాను. ఫోన్ చేసేవాళ్ళు ఆఫీసు వేళల్లో చేయండి. ఇంటికి చేయొద్దు. ఇంట్లో ఫోన్ ఆమే ఎత్తుతుంది.